నాయిన అడిగిన పాట స్మార్ట్ స్పీకర్‌కు దొరుకుతలేదు, ఫోన్ల వెతికితే మొదటిదే వస్తది. ఎవరన్న జెర చెప్పుండ్రి

క్లాక్‌టవర్ కాడ (నల్లగొండ):

అందరికి నమస్తే. మా ఇంట్ల ఒక పంచాయితీ నడుస్తున్నది, జెర ఓపికతోని చదువుండ్రి.

మా నాయినది అచ్చంపేట దిక్కు, ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైర్ అయిండు. పోయిన నెల కంటి శుక్లం ఆపరేషన్ అయితే నల్లగొండకు తీస్కొచ్చి మా దగ్గరనే ఉంచుకున్న. కొన్ని రోజులు ఫోన్ ఎక్కువ చూడొద్దన్నరు, ఊర్ల అయితే అరుగు మీద కూసుంటె నలుగురొచ్చి ముచ్చట పెడ్తరు, ఇక్కడ మూడో అంతస్తుల ఎవరొస్తరు, పొద్దుపోక పాణం విసిగిపోతుంది ఆయనకు. మా బామ్మర్ది దగ్గర వాడకుండ మూలకు పడేసిన స్మార్ట్ స్పీకర్ ఒకటి ఉంటే తెచ్చి పెట్టిన, నోటితోని అడిగితే పాటలు పెడ్తది గదా అని.

కథ ఏందంటే, సినిమా పాటలు అడిగితే టక్కున పెడ్తది. నాయినకు అవి వద్దు. ఆయనకు కిన్నెర (తీగల వాయిద్యం) వాయించుకుంట మొగులయ్య పాడే పండుగ సాయన్న కథ గావాలె, ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిండని చెప్పుకునే పాలమూరు వీరుని కథ అది. చిన్నప్పుడు వాళ్ల ఊరికి కిన్నెర పట్టుకొని వచ్చి పాడుతుండిరంట, అప్పటి సంది పిచ్చి. ఆ పాట అడిగితే ఒకసారి ఇంగ్లీషుల దొరకలేదంటది, ఒకసారి ఎవరిదో తెల్వని పాట పెడ్తది, మొన్నయితే చిన్నపిల్లల రైమ్స్ పెట్టింది. "నేనేమన్న అంగన్‌వాడికి పోతున్ననారా" అని నా మీద లేచిండు, నేనేం చేసిన మధ్యల.

అదే పాట నా ఫోన్ల కొడితే మొదటిదే వస్తది. వైఫై మంచిగనే ఉన్నది. రెండు సార్లు ప్లగ్గు పీకి పెట్టిన. భాష ఇంగ్లీషు ఇండియా అని ఉన్నది, తెలుగు అనే ఆప్షన్ నాకైతే కనిపిస్తలేదు. స్పీకర్ ఖరాబైందా, నేను ఏమన్న తప్పు చేస్తున్ననా?

సాగర్ కాల్వ గట్టు:

ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు అన్నా, అన్ని సెట్ అయితయ్. నాది గట్లనే బాగైంది.

మిర్యాలగూడ కోడలు:

రీసెట్ కొట్టకు తమ్ముడూ!! ఆగు. నేను ఇట్లనే ఎవరో చెప్తే కొట్టిన, మళ్ల మొదటి నుంచి యాప్‌ల పెట్టాలంటే ఎవరి అకౌంట్ల ఉన్నదో వాళ్ల పాస్‌వర్డ్ అడిగింది, ఆ పాస్‌వర్డ్ మా మరిదికి తప్ప ఎవరికి తెల్వదు, మరిది దుబాయిల. నెల దాక మా ఇంట్ల అది పేపర్ల మీద బరువు లెక్క ఉన్నది. నీది కూడ బామ్మర్ది పెట్టిందే గదా, అందుకే చెప్తున్న.

ముందుగాల అది ఏమంటున్నదో సరిగ్గ విను. "కనెక్ట్ కాలేకపోతున్న" అంటె నెట్ సంగతి. "ఫలానా పాట దొరకలేదు" అంటె నెట్ ఉన్నది, అది వెతికింది కూడ, దొరకలేదు. అట్ల కాకుండ వేరే పాట పెట్టిందంటె దానికి నువ్వు చెప్పింది ఇంకోలాగ వినపడ్డది. ఈ మూడు వేరు వేరు రోగాలు, ఒకటే మందు నడవదు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీకు రెండోది మూడోది కలిసి ఉన్నట్టున్నయ్.

పిల్లలమర్రి నీడ (పాలమూరు):

అక్క చెప్పింది కరెక్ట్. రీసెట్ ఆఖరు మాట, దాని దాక పోవద్దు.

మొగులయ్య మా దిక్కు మనిషే గనుక నేను చెప్పకపోతే బాగుండదు. లింగాల మండలం అవుసలికుంట ఆయనది, 12 మెట్ల కిన్నెర, 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. మీ నాయినకు మంచి చెవి ఉన్నది.

ఇగ విషయం. నువ్వు ఫోన్ల వస్తది అంటున్నవ్, ఫోన్ల యాడ వెతికినవ్? నాకు తెల్సి వీడియోలు చూసే యాప్‌ల కొట్టి ఉంటవ్. స్పీకర్ అక్కడ వెతకదు తమ్మి. దానికి ఏ మ్యూజిక్ యాప్ జోడించి ఉన్నదో దాంట్లనే వెతుకుతది. మన జానపదాలు, ఒగ్గు కథలు, జాతరల పాడిన పాటలు చాన మటుకు ఎవరో వీడియో తీసి ఎక్కించినవే, మ్యూజిక్ యాప్‌లల్ల సగం ఉండయ్. అంటె నువ్వు కిరాణం దుకాణంల చూసిన సరుకు మెడికల్ షాపుల అడుగుతున్నవన్నట్టు. ముందు ఆ జోడించిన మ్యూజిక్ యాప్ ఏదో చూసి, అదే యాప్ ఫోన్ల తెరిచి, అండ్ల పాట ఉన్నదా లేదా చూడు. ఉంటె ముందుకు పోదాం. లేకుంటె నువ్వు గొంతు పోయేదాక అడిగినా పెట్టదు.

ఇంకోటి, అకౌంట్ ఎవరిది? బామ్మర్దిదే అయితే ఆయన పైసలు కట్టని ప్లాన్‌ల ఉన్నడేమో చూడు. ఫ్రీ ప్లాన్‌లల్ల కొన్నింట్ల అడిగిన పాటనే పెట్టదు, దాని లెక్కనే ఉన్న వేరే పాటలు కలిపి పెడ్తది. మనకేమో చెవిటిది అనిపిస్తది, అది మాత్రం లెక్క ప్రకారమే చేస్తున్నది.

అసలుది ఇది. స్పీకర్ యాప్ తెరిచి సెట్టింగ్స్‌ల వాయిస్ హిస్టరీ అని ఉంటది, అండ్ల నువ్వు అడిగిన ప్రతిది దానికి ఏమని వినపడ్డదో అక్షరాలల్ల రాసి ఉంటది. అది చూసి ఇక్కడ పెట్టు. మిగతా అంత అటెన్క.

వైర్ల మామ:

స్పీకర్ యాడ పెట్టినవో చెప్పలేదు. ఇది ఎండకాలం, నల్లగొండల కూలర్ లేని ఇల్లు ఉంటదా? కూలర్ పక్కకు పెట్టినవంటె దాని మైకులకు గాలి మోత తప్ప ఏం వినపడదు. ఈ స్పీకర్లల్ల ఒకటి కాదు చాన మైకులు ఉంటయ్, అవి శబ్దం ఎటు దిక్కు నుంచి వస్తున్నదో చూసుకొని ఆ దిక్కు చెవి పెడ్తయ్, కూలర్ మాత్రం ఆగకుండ ఒక దిక్కు నుంచి మొత్తుకుంటనే ఉంటది. గోడ మూలకు నూకి పెట్టినా కష్టమే, గోడకు తగిలి మాట రెండు సార్లు వినపడ్డట్టయితది. జానెడు దూరం జరిపి పెట్టు.

వైఫై సంగతి కూడ చూడు, మంచిగున్నది అంటె ఫోన్ల మంచిగున్నదా, స్పీకర్ ఉన్నకాడ మంచిగున్నదా? రూటర్ల 2.4, 5 అని రెండు ఉంటయ్. 5 గిగాహెర్ట్జ్‌ది స్పీడే గని గోడలు అంతగ దాటదు, స్పీకర్‌కు అంత స్పీడ్ అక్కరలేదు, 2.4కు కలిపి పెట్టు. అయితే నీ కేసుల ఇది కాదని నాకు కూడ అనిపిస్తున్నది, నెట్ పోతే అది వేరేగ మొత్తుకుంటది.

క్లాక్‌టవర్ కాడ:

అన్నా దండం పెడ్తున్న. హిస్టరీ తెరిచి చూసి ఇంట్ల అందరం నవ్వలేక సచ్చినం. నాయిన అడిగినవి, దానికి వినపడ్డవి చదువు ఒకపారి:

"మొగులయ్య పాట పెట్టు" అంటె "మంగోలియా" అని రాసుకున్నది. దొరకలేదు అన్నది ఇందుకే.

"కిన్నెర పాటలు" అంటె "కిండర్". ఇగో రైమ్స్ ఇక్కడికెల్లి వచ్చినయ్.

"సాయన్న" అంటె "సయోనారా" అంట. ఎవరిదో తెల్వని పాట ఇదే.

ఒక కాడ అయితే ఉత్తగ "ఆ" అని ఒకటే ముక్క ఉన్నది. అది ఎందుకో అర్థమైంది నాకు. నాయిన దాన్ని పేరు పెట్టి పిలుస్తడు, పిలిచినంక ఊకుంటడు, మనిషిని పిలిస్తె అది "ఆ, చెప్పు" అనాలె గదా అని చూస్తడు, అది లైటు వెలిగించి కూసుంటది, ఈయన నిమ్మళంగ గొంతు సవరించుకొని అడిగేలోపు లైటు ఆరిపోతది. 30 ఏండ్లు బస్సుల "టికెట్ టికెట్" అని ఒర్రిన మనిషి, గొంతు తక్కువేం కాదు, టైమింగే కుదురుతలేదు.

కూలర్ విషయం మామ చెప్పింది నిజం, కూలర్ పక్కన స్టూల్ మీదనే ఉండె. ఇప్పుడు షెల్ఫ్‌ల పెట్టిన.

అకౌంట్ బామ్మర్దిదే, ఫ్రీదే. నేను నా ఫోన్ల నెల నెల పైసలు కడ్తున్న యాప్ వేరే, దానికి దీనికి సంబంధమే లేదు. ఇన్ని రోజులు ఇది తెల్వక పాపం స్పీకర్‌ను తిట్టిన. నేను పైసలు కట్టే యాప్‌ల వెతికితే మొగులయ్యవి కొన్ని దొరికినయ్, అయితే ఒక్కో కాడ ఒక్కో స్పెల్లింగ్ ఉన్నది. ఇప్పుడేం జెయ్యాలె?

మిర్యాలగూడ కోడలు:

మంగోలియా 😂😂 మా అత్తమ్మకు చదివి వినిపించిన, పొద్దున్నుంచి మా ఇంట్ల అందరు మంగోలియా అనే అంటున్నరు.

పిల్లలమర్రి నీడ (పాలమూరు):

సయోనారా స్క్రీన్‌షాట్ నాకు కూడ గావాలె.

సరే విను. నీకు ఇప్పుడు రోగం అయితే దొరికింది. అది ఇంగ్లీషు ఇండియాల ఉన్నది గనుక ఏ శబ్దం పడ్డా దానికి తెల్సిన మాటలల్లనే దగ్గరిది ఏదో ఏరుకుంటది. మొగులయ్య అనే మాట దాని సంచిల లేదు, మంగోలియా ఉన్నది, తీసి ఇచ్చింది. సినిమా పాటల పేర్లు లక్షల మంది అడుగుతరు గనుక అవి దానికి నోటికి వచ్చినయ్. హిందీ కూడ కలిపి పెట్టి చూడు అని ఎవరన్న చెప్తరు, నేను పెట్టి చూసిన, నా కాడ తెలుగు మాటలు ఇంకా ఆగమైనయ్, నీ కాడ ఎట్లుంటదో నీ ఇష్టం.

రెండోది స్పెల్లింగ్. యాప్‌లల్ల పాట పేర్లు చాన మటుకు ఇంగ్లీషు అక్షరాలల్లనే ఉంటయ్, ఎక్కించినోని ఇష్టం. ఒకడు మొగిలయ్య అని వచ్చేటట్టు రాస్తడు, ఒకడు మొగులయ్య అని, ఒకడు చివర్ల అయ్యకు వై పెడ్తడు, ఇంకొకడు ఏ, ఐ పెడ్తడు. సాయన్నకు ఒకడు ఒక ఏ పెడ్తడు ఒకడు రెండు పెడ్తడు. మనకు అంత ఒకటే, దానికి నలుగురు మనుషులు. నేను ఒక కిటుకు చెప్త, యాప్‌ల ఆ పాట పేరు ఎట్ల రాసి ఉన్నదో చూసి, తెలుగు మర్చిపోయి, హైదరాబాద్ల కాన్వెంట్ పోరడు చదివినట్టు ఆ ఇంగ్లీషు అక్షరాలను అట్లనే చదువు. సిగ్గనిపిస్తది గని చాన సార్లు దొరుకుతది.

మీ నాయినతోని ఇది చేయించేది కాదు అని నాకు ఎర్కనే. అందుకే ప్లేలిస్ట్ చెయ్యి.

ముందు బామ్మర్దికి ఫోన్ కొట్టి ఆయన యాప్‌లకెల్లి ఆ స్పీకర్‌ను తీసేయమను, అటెన్క నీ ఫోన్లకెల్లి నీ అకౌంట్ల జోడించు. మ్యూజిక్ సర్వీసులు అనే కాడికి పోయి నువ్వు పైసలు కట్టే యాప్ కలిపి, దాన్నే డిఫాల్ట్ పెట్టు, ఇది మర్చిపోతే అది మళ్ల తన సొంత యాప్‌లనే వెతుకుతది, చానమంది ఇక్కడనే తప్పుతరు, కలుపుతరు గని డిఫాల్ట్ మార్చరు. ఇగ నీ యాప్‌ల నాయినకు నచ్చిన పాటలు ఏరి ఒక ప్లేలిస్ట్ చేసి దానికి స్పీకర్‌కు అర్థమయ్యే ఇంగ్లీషు పేరు ఒకటి పెట్టు, తెలుగు లిపిల పెట్టకు. ఇంట్ల మామూలుగ అనే మాట ఉండొద్దు, లైట్, టైమర్, రేడియో లాంటివి అస్సలు వద్దు, అవి దానికి ఆర్డర్లు లెక్క వినపడ్తయ్.

క్లాక్‌టవర్ కాడ:

బామ్మర్ది హైదరాబాద్ల ఆఫీస్ మీటింగ్‌ల ఉన్నడంట, పొద్దటి సంది మూడు సార్లు కొట్టిన. సాయంత్రం చూస్త.

దేవరకొండ రోడ్డు మొబైల్స్:

ఇంత లాంగ్ ప్రాసెస్ దేనికి అన్నా. నాకు మొబైల్ షాపు ఉన్నది, మా కాడికి పెద్దమనుషులు వచ్చి చిప్‌ల (మెమరీ కార్డుల) పాటలు ఎక్కియ్యమంటరు, యాప్‌లల్ల దొరకని జానపదాలు వాళ్ల దగ్గరనే ఉంటయ్, ఒక్కో చిప్ 10 ఏండ్ల సంది తిరుగుతున్నది. మీ నాయిన పాత ఫోన్ చిప్ ఉంటె తీసి చూడు, అండ్ల సాయన్న కథ మొత్తం ఉన్నా ఉంటది. ఫోన్ల పెట్టి స్పీకర్‌కు బ్లూటూత్ కలిపి కొట్టు, నెట్ కూడ అక్కరలేదు.

కాకపోతే ఒకటి చెప్త, బ్లూటూత్‌ల పెట్టినప్పుడు స్పీకర్‌ను నోటితోని ఆపు, తర్వాతది పెట్టు అంటె వింటది గని, ఫలానా పాట వెతుకు అంటె నీ చిప్‌ల వెతకదు, మళ్ల తన యాప్‌ల వెతుకుతది. పాట ఫోన్లనే ఏరాలె.

వైర్ల మామ:

ఇది మంచి మాట. అయితే ఆపరేషన్ అయిన మనిషి ఫోన్ల ఎట్ల ఏరుతడు, ఇంట్ల ఎవరో ఒకరు ఏరి పెట్టాలె. అందుకే రెండు దార్లు ఉంచుకో.

ఫోన్ అటు బయటికి పోతె బ్లూటూత్ తెగిపోతది, అది కూడ చూసుకో. మా ఇంట్ల నా ఫోన్ కలిపి నేను బజారుకు పోయిన, మధ్యల పాట ఆగిపోయిందని ఇంటావిడె ఫోన్ చేసి తిట్టింది.

క్లాక్‌టవర్ కాడ:

అప్‌డేట్. రెండు రోజులైంది, చెప్తనే ఉన్న అనుకోకుండ్రి, మధ్యల కరెంటు పోవుడు వచ్చుడు.

బామ్మర్ది తన అకౌంట్లకెల్లి తీసేసిండు, నాదాంట్ల జోడించిన, నా యాప్ కలిపి డిఫాల్ట్ పెట్టిన. ప్లేలిస్ట్ 23 పాటలతోని చేసిన. పేరు నాయిననే పెట్టమంటె "రెడ్ బస్" అన్నడు, కండక్టర్ గదా, ఎర్ర బస్సు. నాకు మంచిగనే అనిపించింది. నాయిన కూసొని గొంతు సవరించుకొని "ప్లే రెడ్ బస్" అన్నడు.

మళ్ల రైమ్స్. బస్సు చక్రాలు తిరుగుడు పిల్లల పాట ఉంటది సూడు, అది. అది అయిపోయినంక ఇంకో బస్సు పాట. మా చిన్నోడు ఉరికొచ్చి ఎగురుడు మొదలుపెట్టిండు, నాయిన నా దిక్కు సూసిన సూపు ఇక్కడ రాయలేను.

పిల్లలమర్రి నీడ (పాలమూరు):

అరెరె, నేనే చెప్పుడు మర్చిన తప్పు నాది. ఆ పేరు మీద లోకంల పాట ఏదన్న ఉంటె ముందు దాన్నే పెడ్తది, నీ ప్లేలిస్ట్ దాక రాదు. "మై ప్లేలిస్ట్" అని ముందు అనాలె, అప్పుడు నీ లిస్టుల చూస్తది. పేరు కూడ ఎవరు పాటకు పెట్టనిది పెట్టు. నంబర్ ఉంటె ఇంకా మంచిది, నంబర్లు దానికి బాగ వినపడ్తయ్.

మిర్యాలగూడ కోడలు:

నేను మా అత్తమ్మకు బతుకమ్మ పాటలకు "సెవెన్ నైన్" అని పెట్టిన. ఉయ్యాలో అంటె ఒక్కనాడు వినలేదు అది, సెవెన్ నైన్ అంటె ఒక్కనాడు తప్పలేదు. పూలు పేర్చుకుంట కూడ అత్తమ్మ అక్కడికెల్లే సెవెన్ నైన్ అని ఒర్రుతది.

ఇంకో మాట, యాప్‌ల రొటీన్ అని ఉంటది, అండ్ల నువ్వు ఏ మాట అంటె ఏ పని చెయ్యాలెనో రాసి పెట్టొచ్చు. ప్లేలిస్ట్ పేరు తిరగరాయకుండ, నాయిన ఒక్క మాట అంటె చాలు ఆ లిస్టు మొదలయ్యేటట్టు. "మై ప్లేలిస్ట్" అంత పొడుగు పెద్దోళ్లకు నోటికి రాదు.

క్లాక్‌టవర్ కాడ:

అక్కా నీ రొటీన్ పని చేసింది!

నాయిన పేరు మార్చిండు, "డిపో నంబర్ టూ". ఇంత గట్టిగ ఇంత స్పష్టంగ అంటడు, దాని పేరు పిలుచుడు ఆ మాట అనుడు ఒకటే ఊపిరిల అనాలె అని చెప్పిన, "ఆగకుండ రైట్ రైట్ అన్నట్టా" అన్నడు, ఆ అవును అట్లనే అన్న. నిన్న పొద్దుగాల ఆరింటికే డిపో నంబర్ టూ అని వినపడ్డది, లేచి చూస్తె కిన్నెర మోగుతున్నది, ఆయన మంచంల కండ్లు మూసుకొని కూసున్నడు. ఆరుసార్లు అడిగితే ఐదుసార్లు పెట్టింది, ఆరోసారి కూలర్ ఫుల్‌ల ఉండె.

చిప్ కూడ దొరికింది, పాత కీప్యాడ్ ఫోన్ల ఉండె, అండ్ల సాయన్న కథ ఉన్నది గని మధ్యల గరగర అంటది, ఎవరో జాతరల రికార్డ్ చేసినట్టున్నరు, వెనక మైకుల ఎవరో తప్పిపోయిన పిల్లగాని పేరు చదువుతుంటరు. నాయినకు యాప్‌ల ఉన్న శుభ్రమైనదాని కంటె ఇదే నచ్చింది. సాయంత్రం పూట ఇది బ్లూటూత్‌ల పెడ్తున్న.

ఒకటే మిగిలింది. ఆ 23 పాటలల్ల రెండు బూడిద రంగుల అయిపోయినయ్, ఒత్తితే పాడుతలేదు. మొన్న మంచిగనే ఉండె.

పిల్లలమర్రి నీడ (పాలమూరు):

అవి యాప్‌లకెల్లి తీసేసిండ్రు. హక్కుల ఒప్పందం అయిపోతె గట్లనే తీసేస్తరు, నీ లిస్టుల పేరు ఉంటది పాట ఉండదు. నీ సెట్టింగ్స్‌ల ఏం చేసినా రాదు. అదే పాట ఇంకో స్పెల్లింగ్‌తోని ఎవరన్న ఎక్కించిండ్రేమో వెతికి మార్చుకో.

క్లాక్‌టవర్ కాడ:

వెతికిన, ఒకటి దొరికింది. ఇంకోటి దొరకలేదు.

దేవరకొండ రోడ్డు మొబైల్స్:

ఆ రెండోది ఏ పాటనో చెప్పు అన్నా. మా షాపుల చిప్పులల్ల చూస్త.